గీత ఎవరి పొలం మీదుగా?

తెలుగు నేలపై ఊళ్లు పట్టణాలవుతున్నాయి, పట్టణాలు నగరాలవుతున్నాయి. పాత మాస్టర్ ప్లాన్లకు కాలం చెల్లింది, కొత్తవి రాయక తప్పదు. భూమిని దేనికి వాడాలో, రోడ్డు ఎటు వెళ్లాలో తేల్చే ఆ మ్యాపు మీద గీత పడకముందే ఆ భూమి మీద బతికేవాళ్లతో మాట్లాడాలి. దానివల్ల వచ్చే లాభాన్నీ, పోయే భూమినీ అందరూ పంచుకోవాలి.

2023 జనవరిలో కామారెడ్డి కలెక్టరేట్ ముందు రైతులు కుటుంబాలతో సహా బైఠాయించారు. యూరియా కోసమో, మద్దతు ధర కోసమో వచ్చినవాళ్లు కారు. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని, కొన్నిటి మీదుగా కొత్త రోడ్లు గీశారని తెలిసి వచ్చినవాళ్లు. అడ్లూర్ ఎల్లారెడ్డి వంటి, పట్టణాన్ని ఆనుకుని ఉన్న గ్రామాల భూములవి. ఆందోళన సాగుతుండగానే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. పట్టణం బంద్ పాటించింది. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ నిరసనల తర్వాత మాస్టర్ ప్లాన్ వెనక్కి పోయింది.

అధికారులు మొదటినుంచీ ఒకటే మాట చెబుతూ వచ్చారు. ఇది ముసాయిదా మాత్రమే, జోన్ మారినంత మాత్రాన భూమి తీసుకున్నట్టు కాదు అని. చట్టం ప్రకారం ఆ మాట నిజమే. అయినా పొలం ఇండస్ట్రియల్ జోన్‌లో ఉందని తెలిస్తే కొనడానికి వచ్చినవాడు వెనకడుగు వేస్తాడు. అందులో ఇల్లు కట్టుకుందామంటే పర్మిషన్ దొరకదు. బిడ్డ పెళ్లికి అరెకరం అమ్ముదామనుకున్న ఇంట్లో లెక్కలన్నీ తారుమారవుతాయి. రోడ్డు పడేది పదేళ్లకో ఇరవై ఏళ్లకో. గీత దెబ్బ మాత్రం అది పడిన రోజు నుంచే తగులుతుంది.

అలాగని మాస్టర్ ప్లాన్లే వద్దనుకుంటే అంతకన్నా పెద్ద నష్టం. 2020లో తెలంగాణ ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణకు అవకాశం ఇస్తే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అనుమతి లేని వెంచర్లలో ఎంతమంది మధ్యతరగతి మనుషులు జీవితకాలం కూడబెట్టిన సొమ్ము పోశారో ఆ అంకె చెబుతుంది. ఇరుకు రోడ్డు, డ్రైనేజీ లేని వీధి, పార్కుకంటూ వదలని కాలనీ... ప్లాన్ లేని చోట పెరిగిన ఊరికి ఇవే మిగులుతాయి. దేశంలోని 7,933 పట్టణ ఆవాసాల్లో దాదాపు 65 శాతానికి అసలు మాస్టర్ ప్లానే లేదని నీతి ఆయోగ్ 2021 నివేదికలో రాసింది. కాబట్టి ప్లాన్ కావాలి. ఆ ప్లాన్‌ను ఎవరు, ఎలా, ఎవరి ఖర్చుతో రాస్తున్నారన్నదే మనం అడగాల్సింది.

రంగుల వెనక ఏముంది?

మాస్టర్ ప్లాన్ మ్యాపు తెరిస్తే ముందు కంటికి కనపడేవి రంగులు. పసుపు నివాస ప్రాంతానికి, నీలం వాణిజ్యానికి, ఊదా పరిశ్రమలకు, ఎరుపు బడులూ ఆసుపత్రులూ ఆఫీసుల వంటి ప్రజావసరాలకు, ఆకుపచ్చ పార్కులకూ పచ్చదనానికీ. వీటి మధ్యలోంచి రోడ్ల గీతలు సాగుతాయి. వాటిలో ఇప్పటికే ఉన్నవి కొన్ని, వెడల్పు చేయబోయేవి కొన్ని, కొత్తగా వేయబోయేవి కొన్ని. మ్యాపుతో పాటు జోనింగ్ నిబంధనల పుస్తకం ఉంటుంది. ఏ జోన్‌లో ఏమి కట్టొచ్చో, ఏమి కట్టకూడదో అందులో రాసి ఉంటుంది.

ఈ ప్లాన్‌ను సాధారణంగా ఇరవై ఏళ్ల దూరం చూసి రాస్తారు. ఐదేళ్లకోసారి సమీక్షించి సరిదిద్దుకోవాలని కేంద్రం 2014లో విడుదల చేసిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర ఆ సమీక్ష క్రమం తప్పకుండా జరగదు. దాని బదులు ఒక్కొక్కరూ ఒక్కో సర్వే నంబరుకు భూ వినియోగ మార్పిడి కోసం దరఖాస్తు పెట్టుకుంటారు. ప్లాన్ మొత్తంగా మారకుండా ముక్కలు ముక్కలుగా మారుతూ పోతుంది. ఫీజు కట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపికా పలుకుబడీ ఉన్నవాళ్ల ముక్కలు ముందు మారతాయి. సన్నకారు రైతు ముక్క పాత రంగులోనే ఉండిపోతుంది.

ఒకే నగరం, అనేక ప్లాన్లు

ప్లాన్ ప్రకారం పుట్టిన నగరం హైదరాబాద్. 1591లో చార్మినార్ కట్టినప్పుడే దాన్ని కేంద్రంగా చేసుకుని నాలుగు దిక్కులకూ దారులు వేశారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాల ఫలితమే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ రోడ్లు వెడల్పు చేసింది, మురికివాడల స్థానంలో ఇళ్లు కట్టింది, పత్తర్‌గట్టీకి ఇప్పుడున్న రూపు తెచ్చింది. నీళ్లు, రోడ్లు, ఇళ్లు ఒకదానితో ఒకటి ముడిపడినవని గుర్తించిన కాలం అది.

1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) వచ్చింది. ఆ తర్వాత నగరం ఎటు పెరిగితే అటు ఒక కొత్త సంస్థ, దానికో కొత్త ప్లాన్ పుట్టుకొచ్చాయి. పాత మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతానికి ఒకటి, సైబరాబాద్‌కు ఒకటి, శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతానికి ఒకటి, ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి గ్రోత్ కారిడార్‌కు ఒకటి. 2007లో పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు పాత కార్పొరేషన్‌లో కలిసి అది జీహెచ్‌ఎంసీ అయింది. 2008లో మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఏర్పడింది. విస్తరించిన ప్రాంతానికి 2031 దాకా చూసుకుంటూ 2013 జనవరిలో మరో ప్లాన్ ఖరారైంది. ఒక ప్లాన్ హద్దు దగ్గర వంద అడుగులున్న రోడ్డు పక్క ప్లాన్‌లోకి వెళ్లేసరికి అదే వెడల్పుతో సాగుతుందన్న భరోసా లేదు. ఒకే ఊరి వాళ్లు ఒక పొలానికి ఒక ప్లాన్, పక్క పొలానికి ఇంకో ప్లాన్ చూసుకోవాల్సిన పరిస్థితి.

ఈలోగా 158 కిలోమీటర్ల ఔటర్ నగరం నడిబొడ్డుకు దగ్గరైపోయింది. దాని అవతల రీజినల్ రింగ్ రోడ్డుకు భూసేకరణ నడుస్తోంది. 2025లో హెచ్‌ఎండీఏ పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచారు. ఇప్పుడది పది వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఇంత విశాలమైన నేలకు ఒకే సమగ్ర ప్లాన్ రాయాలి. రాసేవాళ్ల చేతిలో ఉన్న చివరి పూర్తి జనాభా లెక్క 2011 నాటిది. అప్పటికి హైదరాబాద్ పట్టణ సముదాయంలో (అర్బన్ అగ్లోమరేషన్‌లో) దాదాపు 77 లక్షల మంది ఉన్నారు. ఇప్పుడు ఎంతమంది ఉన్నారో, ఏ మూలన ఎక్కువగా ఉన్నారో తెలియకుండా బడి ఎక్కడ, బస్ డిపో ఎక్కడ అని తేల్చడం కష్టం. కొత్త జనగణన వివరాలు అందగానే ప్లాన్ అంచనాలను సరిచూసుకునే ఏర్పాటు మొదటి పేజీలోనే రాసుకోవాలి.

టవరు ముందు, రోడ్డు తర్వాత

భూ వినియోగం, రోడ్డు... ఈ రెండూ ఒకే ఆలోచనలోంచి రావాలి. హైదరాబాద్ పడమటి దిక్కున అలా జరగలేదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2006 భవన నిబంధనలతో స్థలానికి ఇంతకు మించి అంతస్తుల విస్తీర్ణం ఉండకూడదన్న పరిమితి పోయింది. ప్లాటు పరిమాణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ... వీటిని బట్టి ఎత్తు నిర్ణయమవుతుంది. ఇంటి ముందు రోడ్డు వెడల్పుగా ఉంటే చాలు, ఆ రోడ్డు వెళ్లి కలిసే కూడలి ఎంతమందిని మోయగలదన్న లెక్క ఈ సూత్రంలో లేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లకు పైగా పలికింది. అంత ధర పెట్టి కొన్నవాళ్లు ఆకాశంలోకి కట్టకుండా ఎలా ఉంటారు? జనం వచ్చాక ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు, లింకు రోడ్లు కడుతూ వెనక పరిగెత్తాల్సి వస్తోంది.

వచ్చే ప్లాన్‌లో ఈ వరస మారాలి. ఒక ప్రాంతానికి ఎంత నీరు ఇవ్వగలం, ఎంత మురుగు తీసుకెళ్లగలం, ఎన్ని బస్సులు నడపగలం, మెట్రో ఎంత దూరంలో ఉంది... ముందు ఈ లెక్క తేలాలి. దాన్ని బట్టే అక్కడ ఎంతమంది నివసించొచ్చో, ఎంత ఎత్తు కట్టొచ్చో తేలాలి.

నీటి దారి కూడా ఇందులో భాగమే. 2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు వాన తన పాత దారులనే వెతుక్కుంది. గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండితే అలుగు పారి కిందిదానికి వెళ్లే దారి అది. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న కుంట చుట్టూ 9 మీటర్లు బఫర్ వదలాలని నిబంధన ఉంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్న ఎఫ్‌టీఎల్ గీత పక్కాగా ఖరారు కానిచోట ఆ 30 మీటర్లు ఎక్కడినుంచి కొలవాలి? ఎఫ్‌టీఎల్, బఫర్, నాలాల హద్దులు సర్వే నంబర్లతో సహా మ్యాపు మీద అన్నిటికన్నా ముందు పడాల్సిన గీతలు. ఇళ్లు కట్టుకుని, పన్నులు కట్టి, కరెంటు మీటర్లు పెట్టించుకున్నాక బుల్డోజర్ వచ్చి హద్దు చూపించే బాధ ఏ కుటుంబానికీ రాకూడదు.

జంట జలాశయాలైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లదీ ఇదే కథ. 1996 మార్చిలో 111 జీవో వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను ఆపింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. పాతికేళ్లకు పైగా ఆ రైతులు నగరం నీటి కోసం తమ భూమి విలువను వదులుకున్నారు. వాళ్ల త్యాగానికి నగరం ఏనాడూ మూల్యం చెల్లించలేదు. ఆ రుణం తీర్చకుండా జలాశయాలను కాపాడమని అడిగితే వాళ్లు ఎందుకు వినాలి? ఆ రుణం తీర్చాలంటే జలాశయాలనే బలిపెట్టాలా? ఈ రెండిటికీ మధ్య దారి ఉంది. అది భూమి పంపకంలో ఉంది.

ఎకరం లెక్క

ఒక సన్నకారు రైతుకు చతురస్రంగా ఒక ఎకరం ఉందనుకుందాం. ఒక్కో వైపు సుమారు 208 అడుగులు. దాని నడుమనుంచి వంద అడుగుల మాస్టర్ ప్లాన్ రోడ్డు గీశారు. 4,840 గజాల్లో సుమారు 2,300 గజాలు రోడ్డులో పోతాయి. దాదాపు సగం భూమి. మిగిలింది రెండు పక్కలా చెరో యాభై నాలుగు అడుగుల వెడల్పున్న రెండు ముక్కలు. బోరు ఒక ముక్కలో, పశువుల కొట్టం ఇంకో ముక్కలో.

పక్కనే ఐదెకరాలున్న మరో రైతు భూమి రోడ్డుకు ఆనుకుని ఉంది. అందులో ఒక్క గజం కూడా పోలేదు. నిన్నటిదాకా బండి బాట కూడా లేని ఆ పొలానికి ఇప్పుడు వంద అడుగుల రోడ్డు ముఖం వచ్చింది. ధర ఎన్నో రెట్లు పెరిగింది. రోడ్డు ఒకరి పొలంలోంచి పోతుంది, ధర పక్కవారి పొలానికి పెరుగుతుంది. అలైన్‌మెంట్ కాస్త ఇటు జరిపించుకుంటే చాలు తలరాత మారిపోతుందన్న ఆశ ఇక్కడే పుడుతుంది. గీత వంకర పోయిందన్న అనుమానం కూడా ఇక్కడే పుడుతుంది. రీజినల్ రింగ్ రోడ్డు విషయంలో చౌటుప్పల్, రాయగిరి రైతులు అలైన్‌మెంట్ మార్చాలని వీధికెక్కడంలో ఆ బాధే ఉంది. ఇంతకుముందే ఇతర ప్రాజెక్టులకు భూమి ఇచ్చినవాళ్లు మళ్లీ మేమేనా అని అడిగితే జవాబు చెప్పగలిగే ప్లాన్ కావాలి.

పంచుకునే దారులు

గుజరాత్‌లో చాలాకాలంగా నడుస్తున్న టౌన్ ప్లానింగ్ స్కీముల పద్ధతి దీనికి ఒక జవాబు. రోడ్డు ఎవరి పొలంలోంచి పోతుందో వాళ్ల భూమి మాత్రమే తీసుకోకుండా, ఆ ప్రాంతంలోని మొత్తం భూములను ఒక్కచోట చేర్చి చూస్తారు. అందరి దగ్గరా దాదాపు ఒకే నిష్పత్తిలో కొంత తీసి రోడ్లకు, పార్కులకు, బడులకు, పేదల ఇళ్లకు కేటాయిస్తారు. కొంత భాగం అమ్మి ఆ డబ్బుతో రోడ్లు, డ్రైన్లు వేస్తారు. యజమానులకు మిగిలిన సుమారు 60 శాతం భూమిని రోడ్డు ముఖం ఉన్న చక్కటి ప్లాట్లుగా, వీలైనంతవరకు వాళ్ల పాత పొలం దగ్గరే తిరిగి ఇస్తారు. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు చాలా భూమి ఇలాగే వచ్చింది. ఈ స్కీములు ఏళ్ల తరబడి సాగుతాయన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కానీ భారాన్ని అందరి మీదా వేసే సూత్రం మాత్రం సరైనది.

మనకూ ఇది బొత్తిగా కొత్త కాదు. ఉప్పల్ భగాయత్‌లో భూమి ఇచ్చిన రైతులకు ఎకరాకు వెయ్యి గజాల అభివృద్ధి చేసిన ప్లాటు ఇచ్చారు. అది చేతికి రావడానికి ఏళ్లు ఎదురుచూశారు. 2015లో అమరావతి కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూ సమీకరణలో ఇచ్చారు. ఎకరాకు వెయ్యి గజాల నివాస ప్లాటు, దానికి తోడు వాణిజ్య ప్లాటు, ఏటా కౌలు అన్నది ఒప్పందం. ప్రభుత్వం మారి పనులు ఆగిపోయినప్పుడు ఆ రైతులు రోడ్డు మీదికీ కోర్టుకూ వెళ్లాల్సి వచ్చింది. భూమి ఇచ్చినవాడి హక్కు ఏ ముఖ్యమంత్రి వచ్చినా చెక్కుచెదరకుండా చట్టంలో ఉండాలని అమరావతి మనకు నేర్పింది. ఎంత తిరిగిస్తారు, ఎక్కడ ఇస్తారు, ఎన్నేళ్లలో ఇస్తారు, ఆలస్యమైతే ఎంత పరిహారం... ఇవన్నీ ముందే కాగితం మీద ఉండాలి.

గడువు సంగతిలో మహారాష్ట్ర చట్టం చూడాలి. ప్లాన్‌లో ఒకరి భూమిని పార్కుకో రోడ్డుకో కేటాయించి పదేళ్లలో సేకరించకపోతే యజమాని నోటీసు ఇవ్వొచ్చు. ఆ తర్వాత నిర్ణీత కాలంలోగా అధికారులు కదలకపోతే ఆ కేటాయింపు రద్దవుతుంది. ఇరవై ఏళ్లు ఇల్లు కట్టుకోనివ్వకుండా, డబ్బూ ఇవ్వకుండా భూమిని మ్యాపులో బందీగా ఉంచడం అన్యాయం. మన ప్లాన్లలోని ప్రతి ప్రతిపాదిత రోడ్డు పక్కనా ఒక సంవత్సరం అంకె ఉండాలి. ఆ సంవత్సరంలోగా తీసుకోండి, లేదా వదిలేయండి.

ఎవరు రాయాలి?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను స్థానిక సంస్థల పనిగా పన్నెండో షెడ్యూల్లో మొట్టమొదటి అంశంగా పెట్టింది. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి ప్రణాళికా కమిటీ ఉండాలని, అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను మున్సిపాలిటీల, పంచాయతీల ప్రజాప్రతినిధులు తమలోంచి ఎన్నుకోవాలని చెప్పింది. ఆచరణలో ప్లాన్ అభివృద్ధి సంస్థల ఆఫీసుల్లో, కన్సల్టెంట్ల కంప్యూటర్లలో తయారవుతోంది. ఉపగ్రహ చిత్రం మీద ఖాళీగా కనిపించిన నేల నిజానికి వరి కోసిన పొలమని అక్కడికి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. దేశంలో పట్టణ ప్రణాళికా నిపుణుల పోస్టులు నాలుగు వేల లోపే మంజూరయ్యాయని, వాటిలోనూ సగానికి దగ్గరగా ఖాళీగా ఉన్నాయని అదే నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. ఊరూరా తిరిగి చూసే మనుషులే లేకుండా మంచి ప్లాన్ ఎలా వస్తుంది?

ముంబై అనుభవం చూడండి. 2015 ఫిబ్రవరిలో వచ్చిన అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా తప్పులతడకగా ఉందని జనం ఎత్తిచూపడంతో ఏప్రిల్‌లో దాన్ని పక్కన పెట్టి సరిదిద్దాల్సి వచ్చింది. ఆమోదం పొందేసరికి 2018 అయింది. జనాన్ని ముందే కలుపుకుంటే ఆలస్యమవుతుందన్న వాదనకు ఇదే సమాధానం. తర్వాత కలుపుకుంటేనే ఎక్కువ ఆలస్యం.

అందుకే ప్లాన్ రెండుసార్లు ఊరి ముందుకు రావాలి. ఇప్పుడున్న భూ వినియోగ పటం మొదటిసారి రావాలి. ఏది పొలం, ఏది కుంట, ఏది గ్రామకంఠం, ఏది శ్మశానం అన్నది ఊరివాళ్లే సరిచూడాలి. ప్రతిపాదనలు రెండోసారి రావాలి. మ్యాపు తెలుగులో, సర్వే నంబర్లు స్పష్టంగా కనిపించే సైజులో పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండాలి. ప్రతి అభ్యంతరానికీ లిఖితపూర్వకంగా జవాబు రావాలి. ఒప్పుకుంటే ఏమి మార్చారో, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి.

మీ ఊరి ముసాయిదా వస్తే...

మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, పక్క నంబర్లు ఏ జోన్‌లో ఉన్నాయో రెండూ చూడండి. మీ భూమి మీదుగా రోడ్డు ఉంటే దాని వెడల్పు, అది మొదలయ్యే చోటు, కలిసే చోటు రాసుకోండి. రంగు చూసి ఊరుకోవద్దు, ఆ జోన్‌లో ఏవి కట్టొచ్చో నిబంధనల పుస్తకంలో చదవండి. చెరువు, కుంట, నాలా, బండి బాట మ్యాపులో తప్పిపోతే అది మీ సొంత భూమి కాకపోయినా చెప్పండి. అభ్యంతరం రాతపూర్వకంగా, గడువులోగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కొక్కరు విడిగా ఇచ్చేదానికి తోడు ఊరంతా కలిసి గ్రామసభ తీర్మానంగా ఇస్తే దానికి బలం ఎక్కువ. ప్లాటు కొనేవాళ్లు బ్రోచర్‌ను నమ్మకుండా భూ వినియోగ ధ్రువపత్రం తీసుకున్నాకే బయానా ఇవ్వండి.

రాబోయే రోజుల్లో హైదరాబాద్ చుట్టూ, విజయవాడ, విశాఖ, వరంగల్ చుట్టూ, చిన్న మున్సిపాలిటీల చుట్టూ కొత్త గీతలు చాలా పడతాయి. వాటిని గీసే అధికారులను, ఆమోదించే పాలకులను మూడు మాటలు అడుగుదాం. గీసే ముందు ఊరికి చెప్పండి. పోయే భూమిని, పెరిగే ధరను అందరికీ పంచండి. ప్రతి గీతకూ గడువు రాయండి. ఈ మూడూ ఉన్న ప్లాన్‌ను రైతు తన పొలం ఇచ్చి మరీ నిలబెడతాడు. ఇవి లేని ప్లాన్‌ను అడ్డుకోవడం అతని హక్కు. ఆ హక్కు కోసం నిలబడ్డప్పుడు నగరంలో ఉన్న మనమూ అతని పక్కన నిలబడాలి. మనం నడిచే రోడ్లన్నీ ఎవరో ఒకరి పొలంలోంచి వచ్చినవే.